స్పోర్ట్స్ కారుకు చెరుకు ట్రాలీ

గేర్‌బాక్స్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే. ఏ గేర్‌బాక్స్ మంచిదమ్మా అని. చెప్పుల దుకాణానికి వెళ్లి ఏ చెప్పులు మంచివని అడిగినట్టు ఉంటుంది నాకు. ఎవరి కాళ్లకు, ఎక్కడ నడవడానికి అని తిరిగి అడుగుతాను. చాలామంది అక్కడే విసుక్కుని లేచిపోతారు. లేవనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

జహీరాబాద్‌లో బంబై రోడ్డు పక్కన ఖాదర్ ఉస్తాద్ షాపులో నా పనికాలమంతా గడిచింది. డీజిల్‌లో గేర్లు కడగడానికి చేరాను. కడుగుతూ కడుగుతూ ఏ పన్ను అరిగిందో, ఎందుకు అరిగిందో వేళ్లకు తెలిసింది. తర్వాత విప్పడం నేర్చుకున్నాను. బిగించడం అన్నిటికంటే చివర వచ్చింది. మోకాళ్లు వంగడం మానేశాక నేనూ మానేశాను. అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నాను, మా వీధి అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గర. నాకు పెద్ద మాటలు రావు కాబట్టి చదివేవాళ్లకు ఇబ్బంది లేదు.

ట్రాక్టర్లు, జీపులు, లారీలు లెక్కలేనన్ని చూశాను. కానీ ఏ బండికి ఏ గేరు ఎందుకు పెట్టాలో నాకు సరిగ్గా బోధపడింది ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు దగ్గర. అందుకే మిగతావన్నీ వదిలేసి దాని సంగతే చెబుతాను.

బరువును నమ్మే మనిషి

ముందు మా ఉస్తాద్ గురించి చెప్పాలి. పని చెడగొట్టినవాడిని ఎన్నడూ తిట్టలేదు. చెడగొట్టి దాచినవాడిని మాత్రం రోడ్డు దాకా వినబడేట్టు తిట్టేవాడు. ఇలాంటి యజమాని దొరికితే వదలకండి.

ఆయనకు ఉన్న లోపం ఒక్కటే. బరువును నమ్మేవాడు. పాత సామాన్ల దుకాణంలో ఏ గేర్‌బాక్స్ చూసినా ముందు రెండు చేతులతో లేపేవాడు. నడుము పట్టేస్తే అది మంచిది. సులువుగా లేస్తే పక్కన పెట్టేసేవాడు. మనుషుల విషయంలోనూ అంతే. నేను చేరిన రోజు నన్ను కింది నుంచి పైదాకా చూసి, "గీ పుల్ల మన దగ్గర ఎన్నొద్దులు ఉంటది?" అన్నాడు. నేను రిటైరయ్యే దాకా ఆ మాట గుర్తు చేస్తూనే ఉన్నాను.

మా షాపులో ఒక ఆచారం ఉండేది. గేర్‌బాక్స్ బిగించినా, హౌసింగ్ బిగించినా, బండికి నిండు చెరుకు ట్రాలీ తగిలించి రైలు పట్టాల మీది బ్రిడ్జి ఎక్కించాలి. సగం దూరంలో ఆపి మళ్లీ కదిలించాలి. కదిలితేనే బండి యజమాని చేతికి వెళుతుంది. హౌసింగ్ అంటే వెనక ఇరుసు మధ్యలో కుండలా ఉండేది. పుస్తకాల్లో దాన్ని డిఫరెన్షియల్ అంటారు. బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ, బయటి చక్రం ఎక్కువ తిరగాలి కదా, ఆ తేడాను ఇచ్చేది అదే. ఇంజిన్ తిప్పే తిప్పుడును చివరిసారి తగ్గించి చక్రాలకు అందించేది కూడా అదే.

ట్రాక్టర్లకు ఆ ట్రాలీ పరీక్ష చాలా మంచిది. నేను ఇప్పటికీ అదే మాట అంటాను. చిక్కల్లా ఉస్తాద్ దాన్ని అన్ని బండ్లకూ పెట్టడంతో వచ్చింది.

నఫీసా బండి

అల్లం వ్యాపారం చేసే రషీద్ సేఠ్ కూతురు నఫీసా. హైదరాబాద్‌లో ఉద్యోగం. వాళ్ల మేనమామ పోతూ పోతూ తన పాత కారును ఆ అమ్మాయికి ఇచ్చిపోయాడు. రెండే సీట్లు, పైకప్పు లేదు, ఇంజిన్ బలం వెనక చక్రాలకు వెళ్లే రకం. తమిళనాడులో రేసులు జరిగే ట్రాక్ ఒకటుంది. కొన్ని రోజుల్లో అక్కడ మామూలు మనుషులు కూడా తమ బండ్లు తెచ్చి, ఇచ్చిన సమయం మేరకు తిప్పుకోవచ్చు. ఆ ట్రాక్ మీద మామ బండి నడపాలని ఆమె పట్టు.

సేఠ్‌కు ఆ బండి పొడ గిట్టదు. దాన్ని లారీతో లాక్కొచ్చి మా షాపు ముందు దింపిన రోజు ఉస్తాద్‌తో అన్నాడు:

"ఖాదర్ భాయ్, గిండ్ల ఇద్దరే కూసుంటరు. మూడోటోడు అల్లం బస్తా లెక్క డిక్కీల పండాలె. గిదేం బండి?"

"అబ్బా, నువ్వు కూసోకు, అయిపాయె," అంది నఫీసా.

"ఒక్క మోఖా ఇస్తున్న. ట్రాక్ మీద నీకిచ్చిన టైం అయ్యేదాక తిరగాలె. నడుమల ఖరాబైతే బసవరాజుకు అమ్మేస్త. మాటంటే మాటే."

"ఖరాబు కాకుంటే?"

"నీ బండి, నీ ఇష్టం. మళ్ల నోరెత్తను."

బసవరాజుది బీదర్. పెళ్లి ఊరేగింపులకు కార్లు కిరాయికి ఇస్తాడు. చాలా మర్యాదస్తుడు, దాంతోనే మాకు ఎక్కువ చిరాకు. వారానికోసారి వచ్చేవాడు. ఒకసారి పెళ్లికొడుకు తలపాగా తెచ్చుకుని, తల మీద పెట్టుకుని, కార్లో కూర్చుని, అద్దంలో చూసుకున్నాడు. ఇంకోసారి దారం పట్టుకుని పూలదండ ఎంత పొడుగు కావాలో బానెట్ మీద కొలిచాడు.

"నాకేం తొందర లేదండీ. మీరు మంచిగ ప్రయత్నం చేయండి. ఖరాబైతేనే ఒక ఫోన్ కొట్టండి," అనేవాడు.

"బసవన్నా, బండి ఇంక సావలే. అప్పుడే కొలతలు తీయకు," అంది నఫీసా.

జీపు గేర్‌బాక్స్

కారులో ఉన్న ఐదు గేర్ల పాత గేర్‌బాక్స్ మూడో గేర్లో మూలుగుతోంది. నేను విప్పి బల్ల మీద పెట్టాను. ఉస్తాద్ దాన్ని ఒంటిచేత్తో లేపాడు. అంతే, దాని పని అయిపోయింది.

"గిది పిల్లల టిఫిన్ డబ్బ లెక్కుంది శివమ్మ. ట్రాక్ మీద జోరుగ కొడ్తరట. గీ డబ్బతోని కొడ్తే ముక్కలైతది."

పాత సామాన్ల దుకాణం నుంచి జీపు గేర్‌బాక్స్ ఒకటి ఇద్దరు మోసుకొచ్చారు. ఇంజిన్‌కు అతకడానికి లేత్ మిషన్ మీద ప్లేటు కోయించాడు. వెనక హౌసింగ్‌లో సరుకుల వ్యాన్‌కు వేసే క్రౌన్, పినియన్ వేశాడు. క్రౌన్ అంటే పెద్ద పళ్ల చక్రం, పినియన్ అంటే దాన్ని తిప్పే చిన్నది. వ్యాన్ జతలో చిన్నది చాలాసార్లు తిరిగితే గానీ పెద్దది ఒక చుట్టు తిరగదు. బరువు బాగా లాగుతుంది, వేగం రాదు. అది చాలదన్నట్టు హౌసింగ్ లోపల తేడానిచ్చే చిన్న గేర్లను వెల్డింగ్ చేయించాడు. దాంతో రెండు వెనక చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరగాలి.

"బురదల ట్రాక్టర్‌కు లాక్ వేస్తం గద, గట్లనే," అన్నాడు.

"మలుపుల ఎట్ల తిరుగుతది ఉస్తాద్?"

"స్టీరింగ్ ఉంది గద."

ఇక్కడ ఉస్తాద్ ఒక్కడినే అనడం న్యాయం కాదు. ట్రాక్టర్లు తయారయ్యే ఊరు మాది. చెరుకు, అల్లం మోసే రోడ్లు మావి. బండి అనగానే మాకు ముందు దాని వెనకున్న బరువే కనబడుతుంది. ఆ ఎర్ర కారుకు చెరుకు ట్రాలీ తగిలించినప్పుడు షాపులో ఒక్కరికీ నవ్వు రాలేదు. నాకూ రాలేదు. గొలుసు సరిగ్గా పడిందా లేదా అని వంగి చూశాను.

బ్రిడ్జి దగ్గర మాత్రం జనం బాగా నవ్వారు. రెండు సీట్ల కారు నిండు ట్రాలీని లాగుతూ చీమ మిడతను మోసినట్టు పైకి ఎక్కింది. సగంలో ఆగి మళ్లీ కదిలింది. ఉస్తాద్ గర్వంగా చుట్టూ చూశాడు. బసవరాజు ఫోన్లో వీడియో తీసుకుంటూ, "ఇగ ఊరేగింపుల లైట్ల జనరేటర్ గుంజనీకి వేరే బండి పెట్టే పని లేదండీ, దీనికే కట్టేయొచ్చు," అన్నాడు.

నఫీసా ట్రాలీ గొలుసు విప్పి, ఉస్తాద్ చేతిలో పెట్టింది. "చాచా, ట్రాక్ మీద చెరుకు ఉండది," అని బండి తీసుకుని హైవే ఎక్కింది.

కాసేపటికి తిరిగొచ్చి జరిగింది చెప్పింది. ఐదో గేర్లో కూడా ఇంజిన్ అరుస్తోందట, బండి మాత్రం ముందుకు పోదట. ఏడుగురిని ఎక్కించుకున్న ఆటో దాటుకుపోయిందట. అందులోని ముసలాయన చేయి ఊపాడట. ఇక వెనక్కి తిప్పుదామని బస్టాండ్ దగ్గర స్టీరింగ్ తిప్పితే రెండు వెనక చక్రాలూ కలిసే తిరుగుతామని పట్టుబట్టి, టైర్లు కీచుమంటూ బండి గొర్రెపిల్లలా గెంతిందట. ట్రాఫిక్ కానిస్టేబుల్ పరుగెత్తుకొచ్చి, "డ్రైవింగ్ ఎవరు నేర్పిన్రమ్మా?" అన్నాడట.

ఉస్తాద్ టైరు మీద కూర్చుని చాయ్ మొత్తం తాగాడు. చివరికి అన్నాడు: "బ్రిడ్జయితే ఎక్కింది."

నేల మీద గీసిన ట్రాక్

జీపు గేర్‌బాక్స్ విప్పి పక్కన పెట్టాం. ట్రాక్ రోజు దగ్గర పడింది. ఇక ఇంకో తప్పుకు సమయం లేదు. నఫీసాకు ఆరు గేర్ల గేర్‌బాక్స్ కావాలి. అదే కారులో తర్వాత వచ్చిన రకం అది. ఆరు ఐదు కంటే ఎక్కువ కదా అని ఆమె లెక్క. బరువు కాకపోతే సంఖ్య. మనిషికి ఏదో ఒకటి ఎక్కువ ఉండాలి.

"ట్రాక్ ఎట్లుంటది బిడ్డా?" అని అడిగాను.

సుద్దముక్క తీసుకుని షాపు నేల మీద ట్రాక్ అంతా గీసింది. పొడుగాటి దారి, దాని చివర మలుపు, తర్వాత వంపులు, ఒక చోట జడపిన్నులా వెనక్కి తిరిగే మలుపు. ఎక్కడ ఎంత వేగం వస్తుందో ట్రాక్ మీద తిరిగినవాళ్లను అడిగి తెలుసుకుంది. ఆమె ముందు, నేను వెనక, ఆ గీత మీద నడిచాం. ఉస్తాద్‌ను ఇంజిన్ చప్పుడు చేయమన్నాం. మొదట సిగ్గుపడ్డాడు. తర్వాత ఎంత బాగా చేశాడంటే, వేగం పెరుగుతుంటే గొంతు పెంచుతూ, గేరు మారిన చోట దించుతూ, మలుపులో నెమ్మదించి మళ్లీ అందుకుంటూ మాతో పాటు తిరిగాడు. మధ్యలో క్లచ్ ప్లేటు కోసం వచ్చిన రైతు ఒకాయన గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూసి, "మళ్లొస్త తియ్," అని వెళ్లిపోయాడు.

అలా తిరుగుతుంటేనే తెలిసింది. ఆరు గేర్లయితే రెండు వంపుల మధ్యలో, సరిగ్గా చేతులు స్టీరింగ్ మీద ఉండాల్సిన చోట, గేరు మార్చాల్సి వస్తోంది. ఐదు గేర్లయితే ఆ వంపులన్నీ మూడో గేర్లోనే దాటొచ్చు. రెండోది జడపిన్ను మలుపులో ఒక్కచోటే కావాలి. నఫీసా రెండుసార్లు నడిచి చూసి, "ఐదే చాలు పెద్దమ్మా," అంది.

హౌసింగ్‌లో వేసే జతకు కూడా అదే పద్ధతి. పొడుగాటి దారి చివరికి వచ్చేసరికి ఇంజిన్ తన పూర్తి వేగానికి దగ్గరగా ఉండాలి. దారి సగంలోనే అక్కడికి చేరితే జత మరీ పొట్టి, మిగతా సగం ఊరికే అరుస్తుంది. చివరికి వచ్చినా చేరకపోతే మరీ పొడుగు, మలుపు నుంచి లేచేటప్పుడు బద్ధకిస్తుంది. దొరికిన మూడు జతల్లో నడిమిది తీసుకున్నాం.

ఇక మలుపుల సంగతి. మామూలు హౌసింగ్ అయితే వేగంగా తిరిగేటప్పుడు లోపలి చక్రం గాలికి తేలి, బలమంతా దానికే పోయి ఊరికే తిరుగుతుంది. వెల్డింగ్ చేస్తే గొర్రెపిల్ల అవుతుంది. ఈ రెంటికీ మధ్య ఒక రకం ఉంది. లోపల క్లచ్ లాంటి చిన్న ప్లేట్లుంటాయి. కొంత తేడాను ఒప్పుకుంటాయి, మరీ ఎక్కువైతే పట్టి ఆపుతాయి. నఫీసా హైదరాబాద్‌లో అలాంటిది సంపాదించింది. ఉస్తాద్ దాన్ని బల్ల మీద పెట్టి చేత్తో తిప్పి చూసి, "గిది బీవీ లెక్కుంది. జరంత పోనిస్తది, ఎక్కువ పోతే పట్టుకుంటది," అన్నాడు. ఇంతకంటే బాగా నేనెవరికీ చెప్పలేకపోయాను.

కుంకుమ

పాత గేర్‌బాక్స్ నేనే మళ్లీ బిగించాను. మూడో గేరు కొత్తది వేశాం. రెండో గేరును పట్టి నిలిపే స్లీవ్ కొత్తది ఎంత వెతికినా దొరకలేదు, ఉన్నదే శుభ్రం చేసి పెట్టాను. ఆ సంగతి నఫీసాకు ముందే చెప్పాను. చెప్పకుండా పెట్టొద్దు, ఎవరికైనా.

క్రౌన్, పినియన్ సరిగ్గా కలిశాయా లేదా చూడటానికి మా షాపులో కుంకుమ వాడతాం. నూనెలో కలిపి క్రౌన్ పళ్లకు రాసి, చేత్తో తిప్పితే, పన్నుకు పన్ను ఎక్కడ తగులుతుందో అక్కడ రంగు చెరుగుతుంది. పన్ను నడుమ చెరగాలి. కొసకు చెరిగితే మళ్లీ విప్పి, పినియన్ కింద పెట్టే సన్నని రేకుముక్కలు మార్చి, మళ్లీ బిగించాలి. చాలామంది రెండోసారికి విసిగి, పర్వాలేదని మూత వేసేస్తారు. అలాంటి హౌసింగ్ ఏడుస్తూనే ఉంటుంది, వేసినవాడు ఇంకో ఊరికి వెళ్లిపోయినా.

అంతా అయ్యాక ఉస్తాద్ మళ్లీ ట్రాలీ గొలుసు తీశాడు. నఫీసా బండి వెనక బంపర్‌కు అడ్డంగా నిలబడింది.

"ఆచారం బేటా. జరంత చెరుకే కడ్త."

"చాచా, నువ్వు పక్క సీట్ల కూసో. గదే ట్రాలీ లెక్క."

ఉస్తాద్ బరువైన మనిషి. ఆలోచించి ఒప్పుకున్నాడు. బ్రిడ్జి ఎక్కి దిగొచ్చాక ఆయన టోపీ లేదు.  "ఓకే," అన్నాడు.

ట్రాక్ మీద

అల్లం లారీలో బండిని ఎక్కించుకుని వెళ్లాం. ముందు క్యాబిన్లో డ్రైవర్ పక్కన సేఠ్, నఫీసా, నేను. షాపు చూసుకోవాలని ఉస్తాద్ ఆగిపోయాడు. ట్రాక్ గేటు దగ్గర బసవరాజు మాకంటే ముందే బస్సులో వచ్చి నిలబడి ఉన్నాడు. "ఊకెనే చూద్దామని," అన్నాడు.

బండి దించితే అల్లం వాసన. పక్కనున్న పెద్ద పెద్ద కార్లవాళ్లు వాసన చూసి చాయ్ ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

నఫీసా హెల్మెట్ పెట్టుకుని లోపలికి వెళ్లింది. మొదటి చుట్లు నేను కళ్లు మూసుకుని విన్నాను. నేల మీద ఉస్తాద్ చేసిన చప్పుడే. పొడుగు దారి చివర ఇంజిన్ గొంతు ఎక్కడికి చేరాలో అక్కడికి చేరుతోంది. మలుపుల్లో చక్రాలు ఏడవడం లేదు. సేఠ్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. కూతురు ఒక పెద్ద కారును వంపులో దాటినప్పుడు చేతులు విప్పి, మళ్లీ వెంటనే కట్టుకున్నాడు.

సగం సమయం అయ్యాక జడపిన్ను మలుపు దగ్గర ఇంజిన్ గొంతు ఒక్కసారి పైకి ఎగిరి తెగిపోయింది. తర్వాత కింది నుంచి, బరువుగా లేచింది. నేను లేచి నిలబడ్డాను.

"ఏమైంది శివమ్మ?"

"ఏం లేదు సేఠ్. మోకాళ్లు పట్టినయ్."

రెండో గేరు నిలవడం లేదని నాకు అర్థమైంది. వేస్తే బయటికి దూకుతోంది. తర్వాతి చుట్టులో నఫీసా దాన్ని ముట్టుకోలేదు. జడపిన్ను మలుపు కూడా మూడో గేర్లోనే తిరిగింది. నెమ్మదిగా లేచింది కానీ లేచింది. వ్యాన్ జత ఉంటే ముందే అరిచి చచ్చేది, పొడుగు జత ఉంటే అక్కడే ఆగిపోయేది. నడిమి జత లాగింది. ఒక్కో చుట్టు అవుతుంటే నేను చీర కొంగు మెలితిప్పుతూనే ఉన్నాను. సమయం అయిపోయిందని గళ్ల జెండా ఊపాక బండి తన చక్రాల మీద తానే లోపలికి వచ్చింది.

నఫీసా హెల్మెట్ తీసి నావైపు చూసింది. సేఠ్ కూడా నావైపే చూశాడు.

"శివమ్మ, నువ్వు అబద్ధం చెప్పవు. బండి మంచిగుందా?"

చెప్పకపోతే సరిపోయేది. కానీ ఉస్తాద్ షాపులో దాచడం అలవాటు కాలేదు.

"రెండో గేరు పోయింది సేఠ్. నడుమలనే పోయింది."

నఫీసా స్టీరింగ్ మీద చేయి పెట్టి, దాన్నే చూస్తూ ఉంది.  "మాటంటే మాటే," అన్నాడు సేఠ్. "బసవరాజు, తీసుకో."

బసవరాజు మెల్లగా కార్లో కూర్చున్నాడు. గేర్ల కర్ర కదిపాడు. రెండులోకి వేశాడు, అది బయటికి దూకింది. మళ్లీ వేశాడు, మళ్లీ దూకింది. దిగి, తలుపు జాగ్రత్తగా మూశాడు.

"నాకొద్దండీ."

"ఎందుకొద్దు? ఇన్నొద్దులు తిరిగినవ్."

"బరాత్ల బండి మొత్తం ఒకటి, రెండు గేర్లనే నడుస్తది సేఠ్ సాబ్. మూడు, నాలుగు, ఐదు నాకెందుకు? రెండోది బయటికి దూకిందంటే బండి పట్టు తప్పి బ్యాండోళ్ల మీద పడ్తది."

"బాగు చేయించి ఇస్త."

బసవరాజు ఇబ్బందిగా నవ్వాడు. "బాగైతే అది ఖరాబు బండి కాదు గదండీ. ఖరాబైతేనే ఇస్త అన్నరు మీరు. మీ మాట నేనెట్ల తప్పిస్త?"

 అల్లం బజార్లో అంతమందితో బేరాలు చేసిన సేఠ్, లారీ వెనక తలుపు దించమని డ్రైవర్‌కు చెయ్యి ఊపాడు. బసవరాజు మా అందరికీ నమస్కారం చేసి, బస్సు వేళవుతోందని వెళ్లిపోయాడు. మేం ఎర్ర బండిని మళ్లీ లారీ ఎక్కించాం.

తిరుగు దారిలో మిట్టమధ్యాహ్నం, లారీ ఊగుతుంటే సేఠ్ తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. నఫీసా నా చెవి దగ్గరికి వచ్చింది.

"పెద్దమ్మా, రెండో గేరుకు ఈసారి గట్టి స్లీవ్ ఎక్కడన్న దొరికిచ్చుకుందమా?"

సేఠ్ నిద్రపోయాడో లేదో చూసి, మెల్లగా అన్నాను. "ఒద్దు బిడ్డా. మంచిగున్న రెండో గేరును చూస్తే పెళ్లోళ్లు మళ్లొస్తరు."

సేఠ్ కళ్లు తెరవలేదు.

"నాక్కూడ చెవులున్నయి శివమ్మ. ఊరికి పొయ్యినంక వారంల బాగు చేయి. బసవరాజుకు మాత్రం చెప్పకు."